ఎక్కే బండికి దారి

జూన్ 2

అమ్మాయికి బస్సు ఇచ్చారు. నా కూతురికి, నా పక్కన కూర్చుని గేరు మార్చడం నేర్చుకున్న నా కూతురికి, నలభై రెండు సీట్ల పెద్ద బస్సు మీద డ్యూటీ వేశారు. ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెడితే తిప్పి తిప్పి చూశాను. వెనక పక్క ఖాళీ అని తెలిసి కూడా మూడుసార్లు తిప్పాను.

"చాల్లెండి, అక్షరాలు రాలిపోతాయి" అంది దాని అమ్మ.

రాలితే రాలనీ. ఏరుకుంటాను.

ఈ నోటుబుక్కు నేను రిటైరైన రోజు మా డిపో వాళ్ళు ఇచ్చింది. ఆరేళ్ళుగా పెట్టెలో పడుంది. బస్సు దిగిపోయిన డ్రైవరుకి రాసుకోవడానికి ఏముంటుంది అనుకునేవాణ్ణి. ఇప్పుడుంది. బోలెడంత ఉంది. ఆనందం పట్టక అక్షరాలు గీత దాటిపోతున్నాయి.

మా కొండ రూటు ఎత్తేశాక అక్కడ బళ్ళూ లేవు, బళ్ళు నడిపేవాళ్ళకి పనీ లేదు. ఈ నగరం వాళ్ళు డ్రైవర్లు కావాలన్నారు, అమ్మాయి అర్జీ పెట్టింది, పిలిచారు. ముగ్గురం సామాను కట్టుకుని వచ్చి ఇంకా నెల కాలేదు. మూడు నెలలు ట్రయలు. ఈ మూడు నెలల్లో మూడు రిమార్కులు పడితే ఇంటికి పంపిస్తారు. పడకపోతే పర్మినెంటు. పడవు. ముప్పైమూడేళ్ళు లోయ పక్కన బస్సు నడిపినవాడి కూతురు అది.

జూన్ 3

మొదటి ట్రిప్పుకే వెళ్ళాను. డ్రైవరు వెనక మొదటి సీటు. అక్కడ కూర్చుంటే దాని భుజం మీదుగా రోడ్డంతా కనిపిస్తుంది. స్టీరింగు పట్టుకున్న తీరు చూసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అచ్చు నేనే. బస్టాపులో ఆపిన తీరూ అంతే. పాలగిన్నె కింద పెట్టినట్టు ఆపుతుంది. ఎక్కిన ప్రతి మనిషికీ "మా అమ్మాయి" అని చెప్పాను.

ఈ ఊరివాళ్ళ డ్రైవింగు గురించి ఇక్కడ రాయకూడదనుకున్నాను. శుభమా అని మొదలుపెట్టిన పుస్తకంలో పెంట ఎందుకు అని. కాని రాయకపోతే అన్నం దిగేలా లేదు. ఛీ. వీళ్ళదీ ఒక డ్రైవింగేనా? ఎంగిలి దగ్గర కుక్కలు నయం. పక్కది దగ్గరికొస్తే కనీసం గుర్రుమంటాయి. వీళ్ళు గుర్రుమనరు కూడా. అద్దాలు ఎత్తుకుని, మొహాన ఏ భావమూ లేకుండా, బండి ముక్కు దూర్చేస్తారు. జాగా ఉంటే దూరుస్తారు, లేకపోతే ఉందనుకుని దూరుస్తారు. ఇండికేటరు వేస్తారు, మలుపు తిరిగాక. పెళ్ళయ్యాక శుభలేఖలు పంచినట్టు.

అమ్మాయి రూటు మధ్యలో కాలువ మీద పాత వంతెన ఒకటుంది. గూనివాడి వీపులా మధ్యలో ఎత్తు. ఒక్క బస్సు పట్టే వెడల్పు. మా వైపు ఇలాంటి చోట ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఎక్కే బండికి దిగే బండి దారి ఇస్తుంది. ఎక్కేవాడు మధ్యలో ఆగితే మళ్ళీ లేవలేడు. దిగేవాడికేం, ఎప్పుడైనా దిగుతాడు. అందుకని దిగేవాడు పక్కకి ఆగి హెడ్‌లైట్లు ఒక్కసారి వేసి ఆర్పుతాడు. రా నాయనా, నేను ఆగాను అని. ఎక్కినవాడు దాటుతూ చెయ్యెత్తుతాడు. అంతే. ముప్పైమూడేళ్ళలో నేను తోటి డ్రైవర్లతో ఆడిన మాటలకన్నా అలా వేసిన లైట్లే ఎక్కువ.

ఇక్కడ అమ్మాయి బస్సు సగం ఎక్కాక పైనుంచి ఒక కారువాడు ఆగకుండా దిగాడు. నిండు బస్సుని అమ్మాయి వెనక్కి తీయాల్సి వచ్చింది. వాడు దాటుతూ మా వంక చూడనైనా చూడలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి నాలుగు మాటలన్నాను. నాలుగే.

జూన్ 4

ఇవాళ ఆరుగురిని అన్నాను.

జూన్ 7

వంతెన మీద ఎట్టకేలకు ఒక మనిషి కనిపించాడనుకున్నాను. దిగుతున్న వ్యానువాడు లైట్లు వేసి ఆర్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "రమ్మంటున్నాడమ్మా, పోనీ" అన్నాను. అమ్మాయి పోనిచ్చింది. వాడు ఆగలేదు. లైటు వేసి మరీ మీదికొచ్చాడు. అమ్మాయి బ్రేకు తొక్కితే నిలబడ్డవాళ్ళంతా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. పిలిచి మీదికి రావడం లోకంలో ఎక్కడైనా ఉందా? పాము కూడా పిలవదు.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ అమ్మాయి అంది, "నాన్నా, ఇక్కడ లైటు వేస్తే రమ్మని కాదేమో."

"దీపానికి ఊరికో అర్థం ఉంటుందా? వాడొక్కడు వెధవ. వాణ్ణి చూసి అందరినీ అలా అనుకోకు. లైటు వేసినవాణ్ణి నమ్మాలి. నమ్మకపోతే ఇక రోడ్డే లేదు."

"నిజంగానా?"

"ముప్పైమూడేళ్ళు నేనేం గాడిదలు కాశానా?"

"సరే నాన్నా."

సరే అంది. బుద్ధిమంతురాలు. అలాంటి బిడ్డని కన్న నా అదృష్టమే అదృష్టం.

జూన్ 12

రిమార్కు పడింది. ఆస్పత్రి మూల మలుపులో హారన్ కొట్టిందట. కొట్టదా మరి? అవతల ఏముందో కనిపించని మలుపులో కొట్టనివాడు హంతకుడు. మలుపు మలుపే, పక్కన ఆస్పత్రి ఉంటే తిన్నగా అయిపోతుందా అని మొన్న నేనే చెప్పాను. ఇక్కడ హారన్ కొడితే తిట్టినట్టట. నోరెత్తకుండా మనుషుల మీదికి బండి తోలేవాళ్ళకి హారన్ వింటే రోషం. మర్యాదస్తులు. థూ.

రెండే మిగిలాయి అనకూడదు. ఒకటే పడింది అనాలి.

జూన్ 23

రెండోది. ఇది మరీ అన్యాయం. ఎవరో ప్రయాణికుడు డిపోలో రాసిచ్చాడు. డ్రైవరు వెనక సీట్లో ఒక ముసలాయన రోజూ కూర్చుని డ్రైవరుతో మాట్లాడుతున్నాడట, కిటికీలోంచి దారిన పోయేవాళ్ళని బూతులు తిడుతున్నాడట, డ్రైవరు వారించడం లేదట. పచ్చి అబద్ధం. ఆ సీట్లో రోజూ కూర్చునేది నేను. అలాంటి ముసలాయన ఎవడూ నాకు కనిపించలేదు.

ఆ మాటే దాని అమ్మతో అన్నాను. వంటింట్లో గట్టు తుడుస్తోంది. తుడవడం ఆపి నా మొహంలోకి చూసింది.

"స్నానాల గదిలో అద్దం ఉంది. వెళ్ళి చూడండి, అక్కడుంటాడు" అంది.

జూన్ 24

నేను ఎవరినీ బూతులు తిట్టలేదు.

జూన్ 25

రెండు తిట్టాను.

జూన్ 26

అమ్మాయి బస్సులో కండక్టరు ఒకావిడ. డిపో అంతా ఆమెని టిక్కెట్టక్క అంటారు. ఇవాళ నేను ఎక్కగానే చేత్తో వెనక్కి చూపించింది.

"బాబాయిగారూ, ఇకనుంచి మీ సీటు చివర్న. వరసలో నడుమది. కిటికీ ఉండదు."

"నేనేమన్నానమ్మా?"

"మీరేం అనలేదు. పుట్టిన దగ్గర్నుంచీ మీరేం అనలేదు. నడవండి."

బస్సంతా నవ్వారు. అమ్మాయి నవ్వలేదు, తిరిగి చూడలేదు. చివరి సీటు నుంచి దాని జడ కూడా కనిపించదు. పక్కన కూర్చున్నవాడు దారిపొడుగునా గోళ్ళు కొరుక్కుంటూ ముక్కలు నా కాళ్ళ దగ్గర ఊశాడు. ఈ ఊళ్ళో చూడదగ్గది ఇదొక్కటే మిగిలింది నాకు.

జూలై 9

మూడోది పడింది.

వంతెన ఎక్కుతుంటే పైనుంచి పాల వ్యాను లైటు వేసింది. అమ్మాయి నమ్మింది. వెళ్ళింది. వాడూ వచ్చాడు. బస్సు పక్క అద్దం ఊడిపోయింది, వ్యాను మూతి లోపలికి పోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. నేను బస్సులో లేను, పళ్ళ డాక్టరు దగ్గర ఉన్నాను. నేను లేను, నేను లేను అని చాలాసార్లు అనుకున్నాను, లేకపోవడం ఏదో గొప్పయినట్టు.

అమ్మాయి వచ్చి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వెనకే టిక్కెట్టక్క వచ్చింది. నీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని చెప్పింది.

"ట్రైనింగు మాస్టారు అందరి ముందూ అడిగాడండీ. లైటు వేస్తే తప్పుకోవాలని ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు, వెళ్ళమని నీకెవరు చెప్పారు అని. నేను పక్కనే ఉన్నా. మా నాన్న చెప్పాడంటుందనుకున్నా. ఎవరూ చెప్పలేదు సార్, నేనే పొరబడ్డాను అంది."

దాని అమ్మ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

ఊరివాళ్ళ మీద పుట్టిన రోత అంతా ఒక్కసారి ఇంటికి తిరిగొచ్చింది. స్నానం చేశాను. పోలేదు.

జూలై 10

డిపోకి వెళ్ళాను. అమ్మాయికి చెప్పలేదు. ట్రైనింగు మాస్టారు నాకన్నా పదేళ్ళు చిన్నవాడు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఏదో చార్టు గీస్తున్నాడు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"నేర్పింది నేనండీ. లైటు వేస్తే రమ్మని అర్థమని నేనే చెప్పాను. అది అనుమానపడితే నేనే నోరు మూయించాను. రిమార్కు నా మీద రాసుకోండి."

"మీరు మా ఉద్యోగి కారు పెద్దాయనా."

"ముప్పైమూడేళ్ళలో నా బండికి ఒక్క గీత పడలేదండీ."

"అక్కడ" అన్నాడు. పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ కొండ మీద లైటంటే దయ. ఇక్కడ జులుం. వస్తున్నాను, తప్పుకో అని. నాకూ నచ్చదు. కాని మీ అమ్మాయి నడపాల్సింది ఈ రోడ్డు మీద. ఇక్కడ వీళ్ళలా నడపడం రానివాళ్ళు మంచితనంతోనే మనుషుల్ని చంపుతారు."

ఇంత అసహ్యమైన మాట ఇంత నిజంగా ఉంటుందని నాకు తెలియదు.

"నేర్చుకుంటుందండీ" అన్నాను.

"చేతుల్లోకి దిగిపోయింది. ఊడుతుందా?"

"దింపింది నేనేగా. నేనే ఊడదీస్తాను."

పెన్సిలు మళ్ళీ తీసుకున్నాడు. తర్వాత చార్టు మీద ఒక తేదీ చుట్టూ గీత గీశాడు. "పద్దెనిమిదిన నేను పక్కన కూర్చుంటాను. వంతెన మీద నాలుగు ట్రిప్పులు. ఎవడైనా లైటు వేస్తే ఆగాలి. దిగేటప్పుడు తనే లైటు వేసి దిగిపోవాలి, దానాలు చేస్తూ పైన నిలబడకూడదు, వెనక పది బళ్ళు ఆగిపోతాయి. ఒక్కటి తప్పినా అక్కడే దింపేస్తాను. తప్పకపోతే మూడో రిమార్కు కొట్టేస్తాను."

జూలై 11

వంటింటికీ ముందుగదికీ మధ్య నడవ మా వంతెన. అమ్మాయి చేతిలో కంచం స్టీరింగు. ఇద్దరికీ చెరో టార్చి. నేను లైటు వేస్తాను, అది ఆగాలి. వేశాను. ముందుకొచ్చింది. మళ్ళీ వేశాను. మళ్ళీ వచ్చింది. కాళ్ళు వాటంతటవే వస్తున్నాయి నాన్నా అంది. తెలుసు. ఆ కాళ్ళు నావే.

తర్వాత అది దిగే బండి, నేను ఎక్కే బండి. లైటు వేసి నా మీదికి రావాలి. గోడకి ఒదిగి నాకు దారి ఇచ్చింది.

"నువ్వు ఎక్కుతున్నావు కదా నాన్నా."

"ఎక్కుతుంటే? నీకేం?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. నోరు కడుక్కోవాలనిపించింది.

ఈలోగా దాని అమ్మ వేణ్ణీళ్ళ గిన్నె పట్టుకుని మా ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయింది. "నేను ఎక్కుతున్నానో దిగుతున్నానో నాకు తెలీదు. గిన్నె కాలుతోంది. ఇద్దరూ తప్పుకోండి" అంది. తప్పుకున్నాం. ఈ ఇంట్లో ఆ రూలు ముందు నుంచీ ఉంది.

జూలై 14

నాకు బాగా వస్తోంది. అదే భయంగా ఉంది. మొహం బండరాయిలా పెట్టి, అమ్మాయి కళ్ళల్లోకి చూడకుండా, టార్చి కొట్టుకుంటూ మీదికి వెళ్ళిపోతున్నాను. దాని అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "పుట్టి పెరిగింది ఇక్కడే అన్నట్టున్నారు" అంది. మెచ్చుకుందో తిట్టిందో అడగలేదు.

జూలై 16

ఇవాళ నన్ను గోడకి నొక్కేసి వెళ్ళిపోయింది. వెనక్కి కూడా చూడలేదు. శభాష్ అన్నాను. మోచెయ్యి గీసుకుపోయింది.

జూలై 18

రానని అమ్మాయికి మాట ఇచ్చాను. బస్సు ఎక్కనని ఇచ్చాను. వంతెన దగ్గర నిలబడనని ఇవ్వలేదు.

ఇవతలి కొసన సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉంది. దాని నీడలో నిలబడ్డాను. మొదటి ట్రిప్పు, ఎక్కుతుంటే కారువాడు లైటు వేశాడు, అమ్మాయి ఆగింది. రెండోసారి ఎవరూ ఎదురు రాలేదు. మూడోసారి మళ్ళీ ఆగింది. నేను సైకిలు కొట్టతని చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఎందుకో అతనికి తెలియదు, అయినా ఊపించుకున్నాడు.

నాలుగోసారి దిగడం. అవతల నుంచి బస్సు ఇంకా పైకి రాలేదు. ఇవతల నుంచి పాత సామాను వ్యాను ఒకటి ఎక్కడం మొదలుపెట్టింది. వెనక బస్తాలు, నల్లటి పొగ, ఇంజను మూలుగు. ఆ మూలుగు నాకు తెలుసు. ఆగితే అయిపోతుంది ఆ బండి. అది సగం ఎక్కేసరికి పైన అమ్మాయి బస్సు కనిపించింది. పక్కన మాస్టారు.

నా కుడికాలు నేల మీద బ్రేకు తొక్కింది.

అమ్మాయి లైటు వేసింది. ఒక్కసారి. వేసి దిగింది. వ్యాను ఆగింది, ఒణికింది, వెనక్కి జారుకుంటూ జారుకుంటూ కిందికొచ్చి, రోడ్డు పక్కకి నా ముందుకే వచ్చి, ఇంజను ఆగిపోయింది. బస్సు దాన్ని దాటి వెళ్ళిపోయింది. అమ్మాయి మొహం చూశాను. ఏ భావమూ లేదు.

వ్యానులోంచి దిగినవాడు ఇంచుమించు నా ఈడువాడు. గుడ్డతో మెడ తుడుచుకుని, "ఒక చెయ్యి వెయ్యి అన్నా" అన్నాడు. నేనూ సైకిలు కొట్టతనూ తోశాం. అతను కిటికీలోంచి స్టీరింగు పట్టుకుని మాతో పాటే తోస్తూ, వగరుస్తూ, మాట్లాడుతూనే ఉన్నాడు.

"చూశావా? ఎక్కే బండి అని కూడా లేదు. లైటు కొట్టుకుంటూ దిగింది. మా కొండల్లో అయితే ఇలాంటిదాన్ని దారిలో ఆపి నిలదీసేవాళ్ళం. నాలుగేళ్ళయింది ఇక్కడికొచ్చి, ఈ రోత ఇంకా అలవాటు కాలేదు. దాన్ననీ లాభం లేదు. దానికి నేర్పినవాణ్ణి తన్నాలి."

"తన్నాలి" అన్నాను.

"ఎవత్తో తెలుసా నీకు?"

"తెలీదు" అన్నాను.

ఇంజను అందుకుంది. అతను ఎక్కి, వంతెన మీదికి పోతూ నాకు చెయ్యెత్తాడు. మన పద్ధతిలో. నా చెయ్యి లేవలేదు.

అమ్మాయి సాయంత్రం వచ్చింది. మూడో రిమార్కు కొట్టేశారు. దాని అమ్మ ఏడ్చింది, నేను నడవలో ఇటూ అటూ నడిచాను, అమ్మాయిని ఎత్తుకోబోయి నడుం పట్టేసింది. ఇంత ఆనందం నాకు దాని పుట్టుక తర్వాత ఇవాళే. అబద్ధం కాదు.

తర్వాత అది చేతులు కడుక్కుంటుంటే వెనకాల వెళ్ళి నిలబడ్డాను.

"నాలుగో ట్రిప్పులో ఒక వ్యాను ఎక్కుతోంది. చూశావా?"

"వచ్చావన్నమాట."

"చూశావా లేదా?"

"చూశాను. చూసే వేశాను నాన్నా. ఆగితే లేవలేడని కూడా తెలుసు. సార్ పక్కన కూర్చున్నాడు." సబ్బు మళ్ళీ రాసుకుంది. చాలాసేపు కడుక్కుంది. "తర్వాత ఎక్కాడా?"

"ఎక్కాడు."

"నీకెలా తెలుసు?"

"నేనే తోశాను."

కుళాయి కట్టేసి, తడి చేతులతోనే నా చొక్కా పట్టుకుంది. చొక్కా తడిసిపోయింది, తడవనిచ్చాను.

ఆగస్టు 5

అమ్మాయి బస్సు నేను ఎక్కడం లేదు. మోకాలు నొప్పి.

ఆగస్టు 21

మోకాలు బాగానే ఉంది.

సెప్టెంబరు 2

పర్మినెంటు. పర్మినెంటు. కాగితం మీద గుండ్రటి ముద్ర కూడా ఉంది. దాని అమ్మ ఈసారి అక్షరాలు రాలతాయనలేదు, తనే లాక్కుని తిప్పి తిప్పి చూసింది. మాస్టారు అందరి ముందూ, ఈ అమ్మాయి ఇక్కడిదే అనుకుంటారు ఎవరైనా అన్నాడట. అమ్మాయి చెబుతుంటే విని చప్పట్లు కొట్టాను. తర్వాత ఆ మాట గొంతులో చేపముల్లులా కాసేపు ఉంది. పోతుంది. ఇవాళ ముల్లు లెక్కలోది కాదు.

చెప్పాల్సినవాళ్ళు:

తమ్ముడు. వాడికి అందరికన్నా ముందు. రెండోవాడిగా చెబితే ఏడాది మాట్లాడడు.

అమ్మాయి మేనమామ. ఆడపిల్లకి స్టీరింగు ఇస్తే గోడే బ్రేకు అన్నవాడు. వాడికి దాని అమ్మ చెబుతుందట, నేను పక్కన నిలబడి వినాలట.

మా చెల్లెలు. ఏడుస్తుంది. ముందు బావగారిని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకోమని చెప్పి, అప్పుడు చెప్పాలి.

చిన్నాన్నగారి పిల్లలు ఐదుగురు. వాళ్ళలో పెద్దదానికి చెబితే చాలు, సాయంత్రానికి మిగతా నలుగురే నాకు ఫోను చేసి చెబుతారు.

మేనత్త. చెవుడు. వీధిలోకి వెళ్ళి అరవాలి. అరుస్తాను.

వియ్యంకులు కాబోయి మానుకున్నవాళ్ళు. బస్సు నడిపే కోడలు వద్దన్నారు. బంధువులు కారు, అయినా చెప్పాలి.

పెద్దన్నయ్య. నాకు స్టీరింగు చేతికిచ్చినవాడు. ఎనభై నాలుగేళ్ళు, పాము చెవులు. ఎక్కే బండికి దారి అన్న మాట నేను మొదట విన్నది ఆయన నోటే. ఆయనకి నేనే చెప్పాలి. పర్మినెంటు అయిందని చెప్పాలి. ఎలా నడుపుతోందిరా అంటాడు. బాగా నడుపుతోందని చెప్పాలి. మన పద్ధతిలోనేనా అంటాడు. ఫోను సరిగా వినిపించడం లేదని చెప్పాలి.